మూడు మడతల పరికిణీ

ఇటు తిరుగు తల్లీ. దుప్పటి సరిగ్గా కప్పుకో. కాలు నా మీద వేసుకో, ఫరవాలేదు, ఈ ఎముకలు మీ అమ్మ కాళ్ళు కూడా మోశాయి. పొద్దున్న గొలుసు కుదరట్లేదని సూది గోడకేసి కొట్టావు చూడు, అది మంచం కింద దొరికింది. డబ్బాలో పెట్టాలే. తిట్టను. కథ చెప్తాను. నువ్వు ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే నా కథ నడవదు, అక్కడే చతికిలబడుతుంది.

అనగనగా, గోదారి సముద్రంలో కలవడానికి ఇంకో రెండూళ్ళ దూరం ఉందనగా, కాలవ గట్టున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ లేసు కుట్టేవాళ్ళు. వంటలయ్యాక అరుగుల మీద చేరేవాళ్ళు. చేతిలో ముక్కు వంగిన సూది, ఒళ్ళో తెల్లదారం ఉండ. నోరు ఊరి కబుర్లు చెబుతూ ఉండేది, చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. ఆ ఊరి ఆడపిల్లలకి నడక, మాట, లేసు, మూడూ ఒకదాని వెనక ఒకటి వచ్చేసేవి.

ఒక్క పిల్లకి తప్ప. ఆ పిల్ల పేరు మాణిక్యం.

మాణిక్యం వాళ్ళ నాన్న పడవలు చేసే వడ్రంగి. వాళ్ళమ్మ పేరు సుందరమ్మ. ఊరు మొత్తానికి నున్నగా లేసు కుట్టే చెయ్యి ఆవిడది. మాణిక్యానికి నాలుగేళ్ళప్పుడు సుందరమ్మ మామిడిచిగురు రంగు గుడ్డ తీసుకుని పరికిణీ కుట్టింది. పెరిగే పిల్ల కదా అని కింద మూడు మడతలు వేసి కుట్టింది. ఏడాదికో మడత విప్పుకోవచ్చని. ఆ తర్వాత దాని చుట్టూ వెయ్యడానికి లేసు అంచు మొదలుపెట్టింది. ఐదు గొలుసులు వేసి వంచితే ఒక చిన్న తోరణం. మళ్ళీ ఐదు గొలుసులు, మళ్ళీ ఒక తోరణం. చూడ్డానికి పెళ్ళి పందిరి అంచులా ఉండేది.

ఇంకో మూడు జానలు కుడితే అంచు పరికిణీ చుట్టూ సరిపోతుంది. అప్పుడు సుందరమ్మకి జ్వరం వచ్చింది. సూదిని అలాగే లేసులో ఉంచి, బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి, "లేచాక కుడతానే అమ్మా" అంది. లేవలేదు తల్లీ. దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పట్నించీ మాణిక్యం ఆ డబ్బా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అరుగుల మీద అత్తలు "ఇలా తేవే, ఒక పూటలో కుట్టిచ్చేస్తాం" అన్నారు. ఇవ్వలేదు. "పోనీ నేర్పుతాం, నువ్వే కుట్టుకో" అన్నారు. నేర్చుకోలేదు. "మొండిఘటం" అన్నారు. అననీ అంది.

ఎందుకో తెలుసా? వలకి కళ్ళుంటాయి చూడు, లేసుకీ అలాగే. దారం మెలిక పడ్డ ప్రతిచోటా ఒక కన్ను. అన్నిటికంటే ఆఖరి కన్ను ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, దాంట్లో సూది ఉంటుంది. అమ్మ లేచాక కుడతానంది. సూది ఇంకా కన్నులోనే ఉంది. సూది ఉందంటే పని అయిపోలేదు. పని అయిపోలేదంటే అమ్మ రావాలి. అదీ ఆ పిల్ల లెక్క. నవ్వకు. నాలుగేళ్ళ పిల్లకి అంతకంటే మంచి లెక్క ఎక్కడ దొరుకుతుంది?

అంచు పడందే పరికిణీ కట్టుకోననీ కూర్చుంది. ఐదో ఏట అట్లతద్దికి నాన్న ఒక మడత విప్పాడు. నడుముకి పెట్టి చూసుకుని మళ్ళీ పెట్లో దాచేసింది. ఆరో ఏట రెండో మడత విప్పాడు. అప్పుడూ అంతే. ఏడో ఏట మూడోది కూడా విప్పేశాడు. ఇంక మడతల్లేవు. అట్లతద్ది అంటే తెలుసుగా, ఆడపిల్లలు తెల్లారగట్టే లేచి, అన్నం తిని, ఉయ్యాలలూగి, సాయంత్రం అట్లు పంచుకునే పండగ. ఈ అట్లతద్దికి కట్టుకోకపోతే వచ్చే అట్లతద్దికి పరికిణీ మోకాళ్ళకొచ్చేస్తుంది. అమ్మ కుట్టిన బట్ట ఒక్కసారైనా ఒంటి మీద పడకుండానే చిన్నదైపోతుంది. మాణిక్యానికి ఆ దిగులు పట్టుకుంది. కానీ డబ్బా మూత తియ్యడానికి చెయ్యి రాలేదు.

ఆ ఏడే నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని గవరమ్మని తీసుకొచ్చాడు.

సవతితల్లి అనగానే కళ్ళలో కారం కొట్టే మనిషి అనుకుంటున్నావు కదూ? కాదే. గవరమ్మది మెట్ట ప్రాంతం. ఈతాకు చాపలు అల్లే ఊరు. పెద్ద చేతులు, చిన్న గొంతు. ఎక్కడి వస్తువు అక్కడ లేకపోతే ఆవిడకి నిద్రపట్టదు. లేసు మాత్రం బొత్తిగా రాదు. అరుగుల మీద ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. "చాపలల్లే చేతికి లేసేం తెలుస్తుంది" అన్నారు.

గవరమ్మ తల దువ్వుతానంటే మాణిక్యం తల విదిలించేది. అన్నం కలిపి పెడితే పళ్ళెం జరిపేసేది. పిలిస్తే పలికేది కాదు. అసలు ఆవిణ్ణి ఏమనీ పిలిచేదే కాదు. ఏదైనా చెప్పాల్సొస్తే గోడతో చెప్పేది. "పులుసులో ఎవరో ఉప్పు ఎక్కువేశారు" అనేది గోడకేసి చూసి. గవరమ్మ కూడా పాపం గోడకేసే చూసి, "రేపు తగ్గిస్తార్లే" అనేది.

అలా ఉండగా వానలొచ్చాయి. ఇల్లంతా చెమ్మ పట్టింది. అట్లతద్ది ఇంకో నెలరోజులుందనగా ఓ రోజు బాగా ఎండ కాసింది. గవరమ్మ పరుపులు, బట్టలు, పప్పుడబ్బాలు అన్నీ ఎండలో పెట్టింది. ఆ తర్వాత ఆ రేకు డబ్బా కనిపించింది. మూత తీసింది. చూస్తే సూదికి తుప్పు పట్టి ఉంది.

"అయ్యో, ఈ తుప్పు తెల్లటి లేసుకి అంటుకుంటే ఇంకేమన్నా ఉందా" అనుకుంది. మంచిదే అనుకుంది పాపం. సూదిని బయటికి తీసింది. చింతపండు పెట్టి తోమింది. పమిటచెంగుతో తుడిచి ధగధగలాడించింది. అప్పుడు చూస్తే డబ్బాలోంచి దారం వేలాడుతోంది. వేలాడే దారాన్ని చూసి ఊరుకునే మనిషా? ఉండకి చుట్టడం మొదలెట్టింది.

చాపలో ఒక ఆకు పట్టుకు లాగితే ఆ ఆకే వస్తుంది, చాప చెక్కుచెదరదు. లేసు అలా కాదు. సూది తీసిన కన్ను తెరిచిన తలుపే. లాగితే ఆఖరి కన్ను జారుతుంది. ఆ తర్వాత దాని ముందుది జారుతుంది. ఆ తర్వాత దాని ముందుది. ఆ ఊళ్ళో నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలిసిన సంగతి. కానీ మెట్టూరి మనిషికి ఎవరు చెప్పారు? దారం ఎక్కడా చిక్కు లేకుండా జలజలా వస్తోంది. గవరమ్మ మురిసిపోయింది. చిన్నగా పాట పాడుకుంటూ మరీ చుట్టింది.

ఉండని డబ్బాలో సర్దబోయి చూసుకుంది. అంచు మూడు జానలు తరిగిపోయి ఉంది.

అప్పుడే మాణిక్యం బడినించి వచ్చింది.

ఆ పిల్ల మొదట ఏడవలేదు. డబ్బా లాక్కుని గుండెకి అదుముకుంది. లేసు చూసింది, సూది చూసింది, ఉండ చూసింది. అప్పుడు వాళ్ళ నాన్న దగ్గరికి పరిగెత్తి, "నాన్నా, మా అమ్మని విప్పేసింది" అని బావురుమంది.

గవరమ్మ చేతిలో మెరిసే సూది అలాగే ఉంది. ఆ పూట ఆ ఇంట్లో ముగ్గురూ అన్నం తినలేదు. కూర కుక్కకి పెట్టారు, అది మాత్రం తింది.

మర్నాడు బడి అయ్యాక మాణిక్యం డబ్బా చంకన పెట్టుకుని చివరింటి సూరమ్మ మామ్మ దగ్గరికి వెళ్ళింది. సూరమ్మ మామ్మకి చూపు తగ్గిపోయింది. అయినా వేళ్ళతోనే చూసేది. లేసు పట్టుకుని ఎవరు కుట్టారో చెప్పేసేది. ఆవిడ ముందు ఆఖరి కన్నుకి ఒక పిన్నీసు తగిలించింది. "ఇంక జారదు. ముక్కు తుడుచుకో" అంది.

ఆ తర్వాత విప్పేసిన దారాన్ని రెండు వేళ్ళ మధ్య నడిపించింది. నడిపించి నడిపించి నవ్వింది. "ఇది పట్టుకుని చూడవే" అంది.

మాణిక్యం పట్టుకుంది. ఉండలో దారం తిన్నగా లేదు. చిన్న చిన్న వంకులు. ఒక వంకు, దాని పక్కన ఇంకో వంకు, పొడుగునా అలాగే.

"మూడేళ్ళు కళ్ళై కూర్చున్న దారం కదే. విప్పినా ఆ వంపు మర్చిపోలేదు. ఒక్కో కన్నుకి మీ అమ్మ ఎంత దారం వదిలిందో ఈ వంకులో ఉంది. వంకు ఎక్కడుంటే అక్కడ సూది వెయ్యి. పక్కన కూచుని మీ అమ్మ చెప్పినట్టే. కడిగితే మాత్రం సాపైపోతుంది, జాగ్రత్త."

"నాకు రాదుగా మామ్మా."

"వచ్చినదాన్ని ఎవరైనా నేర్చుకుంటారా? రానిదాన్నే నేర్చుకుంటారు. కూచో."

మాణిక్యం కూచుంది. మూడేళ్ళు కూచోని పిల్ల, ఆ వంకుల కోసం కూచుంది. సూరమ్మ మామ్మ అప్పుడే అమ్మ దారం ముట్టుకోనివ్వలేదు. మాసిన పాత దారం ఒకటిచ్చింది. ముందు జారుముడి వెయ్యడం చూపించింది. ముడిలో సూది పెట్టించింది. దారాన్ని ఎడం చేతి చూపుడు వేలి మీదుగా వేయించింది. అప్పుడు ఒక పాట చెప్పింది. నువ్వూ నేర్చుకో, రేపు పనికొస్తుంది.

దారం చుట్టు, ముక్కున పట్టు,
కన్నులో దూర్చి ఇవతల పెట్టు,
పాతది జారె, కొత్తది చేరె,
గొలుసొకటాయె, ఇంకొకటి కుట్టు!

మొదటి రోజు మాణిక్యం పళ్ళు బిగించి, దారం బిగించి కుట్టింది. జారిపోతుందేమోనని ఒక్కో కన్నునీ లాగి లాగి బిగించింది. పది గొలుసులయ్యాయి. వెనక్కి తిరిగి కుట్టబోతే ఒక్క కన్నులోనూ సూది దూరలేదు. సూరమ్మ మామ్మ వేళ్ళతో తడిమి, "ఇది గొలుసు కాదే, కొరడా. కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి దారాన్ని. నలిపేస్తే ఏం మిగుల్తుంది?" అని సర్రున లాగేసింది. పది గొలుసులూ పోయాయి.

"విప్పేశావేం!" అని మాణిక్యం అరిచింది.

"విప్పితే ఏం పోయింది? దారం నీ దగ్గరే ఉందిగా. గుడ్డ కత్తిరిస్తే అతకదు, కుండ పగిలితే అతకదు. లేసు ఒక్కటే ఎన్నిసార్లు విప్పినా మళ్ళీ కుట్టనిస్తుంది. అందుకే నాకు మనుషులకంటే లేసే ఇష్టం" అంది మామ్మ.

రెండో రోజు మాణిక్యం మరీ వదులుగా కుట్టింది. "దీంట్లోంచి చేప కాదు, మీ నాన్న చేసిన పడవే వెళ్ళిపోతుంది" అంది మామ్మ. మళ్ళీ సర్రున విప్పింది. ఈసారి మాణిక్యం అరవలేదు. ముక్కు మాత్రం ఎర్రబడింది.

మూడో రోజు గొలుసు బిగుతూ కాలేదు, వదులూ కాలేదు. కానీ తోరణాలు కురచగా వచ్చాయి. ఐదు లెక్కపెట్టే కుట్టాను కదా అని మాణిక్యం మళ్ళీ మళ్ళీ చూసుకుంది. మామ్మ తడిమి చూసింది. "సూది మీదున్న కన్నుని కూడా లెక్కేస్తున్నావే. అది లెక్కలోకి రాదు. అది ఇంకా కుట్టు కాలేదు. తర్వాత వచ్చేదాని కోసం తెరుచుకుని ఉంది, అంతే" అంది.

మాణిక్యం చాలాసేపు ఆ కన్నునే చూస్తూ కూచుంది. మూడేళ్ళూ డబ్బాలో దాచింది ఆ కన్నే కదా. అమ్మ కోసం ఉందనుకుంది. అది తర్వాత వచ్చేదాని కోసం ఉందట. ఆ మాట ఆ రోజు పూర్తిగా మింగుడు పడలేదు. కానీ ఏడుపు మాత్రం రాలేదు.

నిద్రపోతున్నావా? ఊఁ ఏదీ? సరే.

నాలుగో రోజు పొద్దున్న మాణిక్యం పెరట్లో పళ్ళు తోముకుంటోంది. పొయ్యి దగ్గర గవరమ్మ అంబలి కలుపుతోంది. కలుపుతూ నోట్లో ఏదో గొణుగుతోంది. మాణిక్యం చెవి అటు వేసింది.

"దారం చుట్టు... ముక్కున పట్టు... కన్నులో దూర్చి... ఆ తర్వాతేంటో..."

మాణిక్యం చేతిలో వేపపుల్ల ఆగిపోయింది. ఆ పాట సూరమ్మ మామ్మది. ఈవిడకెలా వచ్చింది?

ఎలా వచ్చిందో నేను చెప్తాను. దారం విప్పేసిన మర్నాడే, తెల్లారగానే గవరమ్మ సూరమ్మ మామ్మ ఇంటికి వెళ్ళింది. "అత్తా, నాకు నేర్పు. విప్పిందంతా కుట్టి పెట్టేస్తాను" అంది. మామ్మ సూది ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "సూది ముట్టుకునే మొహం లేదు నాకు" అంది. తెల్లదారం ఇవ్వబోతే అదీ పుచ్చుకోలేదు. ఇంట్లో ఉన్న పురికొస తెచ్చుకుంది, చూపుడు వేలినే సూదిలా వంచుకుంది. రోజూ తెల్లారి గవరమ్మ వచ్చేది, సాయంత్రం మాణిక్యం వచ్చేది. మామ్మ దీని సంగతి దానికి చెప్పలేదు, దాని సంగతి దీనికి చెప్పలేదు. లేసు కుట్టే ఊళ్ళో నోరు కట్టుకోవడం ఎంత కష్టమో నీకు తెలీదు.

గవరమ్మ నీళ్ళకెళ్ళగానే మాణిక్యం వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం కుండ వెనక చూసింది. చాట కింద చూసింది. తిరగలి పక్కన గోనెసంచి ఎత్తి చూసింది. అక్కడుంది గొలుసు. పురికొస గొలుసు. చుట్టలు చుట్టలుగా, ఇల్లంతా చుట్టి రావచ్చు, అంత పొడుగుంది. ప్రతి కన్నూ రాయిలా బిగిసిపోయి ఉంది. ఒకటి రెండు చోట్ల పురికొస మీద ఎర్రటి మరకలున్నాయి.

అప్పుడు గవరమ్మ బిందెతో గుమ్మంలోకి వచ్చింది. మాణిక్యం చేతిలో గొలుసు చూసి అక్కడే ఆగిపోయింది. మాణిక్యం ఆవిడ చూపుడు వేలు చూసింది. పురికొస రాసుకుని చర్మం లేచిపోయి ఉంది.

మాణిక్యం గోడకేసి చూడలేదు.

"అంత బిగిస్తే తర్వాత సూది ఎక్కడ దూరుతుంది పిన్నీ?" అంది.

గవరమ్మ బిందె దించడం కూడా మర్చిపోయింది. "వదిలితే మళ్ళీ ఊడిపోతుందేమోనని భయమే తల్లీ" అంది.

"ఊడితే మళ్ళీ కుట్టుకోవచ్చు. లేసులో ఉన్న సుఖమే అది" అంది మాణిక్యం, అచ్చం సూరమ్మ మామ్మలాగా నడుం మీద చెయ్యేసుకుని.

ఆ సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూచున్నారు. మాణిక్యం పిన్నీసు తీసి, ఆ కన్నులో తోమిన సూది పెట్టింది. వంకుల దారం వేలి మీద వేసుకుంది. మామ్మ చెప్పినట్టు వంకు ఎక్కడుంటే అక్కడ దారం పట్టింది. ఒక గొలుసు వచ్చింది. అమ్మ వేసినదాని పక్కన ఒద్దికగా కూచుంది. ఇంకోటి వేసింది. అదీ కూచుంది. ఒక్కో వంకూ తనే వచ్చి "ఇంతే, ఇంతే వదులు, చాలు" అంటున్నట్టుంది. అమ్మ చెయ్యి తన చెయ్యి మీద ఉన్నట్టే ఉంది ఆ పిల్లకి. నవ్వు వచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. రెండూ తుడుచుకోకుండానే కుట్టింది. గవరమ్మ పక్కన కూచుని దారం బిగుసుకోకుండా ఉండ తిప్పుతూ ఉంది.

అలా పదిహేను రోజులు కుడితే విప్పేసిన మూడు జానలూ తిరిగొచ్చాయి. ఆ తర్వాత చూస్తే వేలి మీద దారం తిన్నగా ఉంది. వంకులు అయిపోయాయి.

మాణిక్యం చెయ్యి ఆగిపోయింది. ఇక్కణ్ణించి అమ్మ ఎప్పుడూ కుట్టలేదు. ఇక్కణ్ణించి దారం ఏమీ చెప్పదు. ఇంకా మూడు జానలు ఉంది. అట్లతద్దికి పదిరోజులే ఉంది. "ఇంక అమ్మ చూపించదు పిన్నీ" అంది.

గవరమ్మకి తెలివైన మాటలు రావు. అయినా ఉండ తిప్పుతూనే, "ఇంతదాకా చూపించింది కదే. చెయ్యి మర్చిపోదు. దారమే మర్చిపోలేదు, చెయ్యి మర్చిపోతుందా?" అంది.

అప్పుడు మాణిక్యం కళ్ళు మూసుకుని ఒక గొలుసు వేసింది. కళ్ళు తెరిచి చూసింది. బాగానే ఉంది. అప్పుడు మొదటి జాన తను కుట్టింది. రెండో జాన పిన్నికిచ్చింది. గవరమ్మ పెద్ద చేతుల్లో ఆ సన్న సూది కనిపించనైనా లేదు. చెమట్లు కక్కుకుంటూ కుట్టింది. కొంచెం బిగుతుగానే వచ్చింది. మాణిక్యం చూసి, "విప్పొద్దులే, ఉండనీ" అంది. ఆ తర్వాత మూడో జాన తనే కుట్టింది.

అట్లతద్ది రేపనగా మధ్యాహ్నం అంచు చివరికొచ్చింది. ఆఖరి తోరణం కూడా అయింది. సూది మీద ఒక్క కన్ను మిగిలింది. ఇంక ఏం చెయ్యాలో మాణిక్యానికి తెలుసు. దారం కత్తిరించాలి. కత్తిరించిన కొస ఆ కన్నులోంచి తీసి లాగాలి. అప్పుడు కన్ను మూసుకుంటుంది. పని అయిపోతుంది. అయిపోతే ఇంక అమ్మ వచ్చి కుట్టాల్సింది ఏమీ ఉండదు.

కత్తెర లోపల నాన్న పనిముట్ల గూట్లో ఉంది. మాణిక్యం లేవాలి. పిన్నీసు పక్కనే ఉంది. దాన్ని చూసింది. తీసుకోలేదు.

సూది బయటికి తీసి, ఆ తెరిచిన కన్నుని గవరమ్మ చూపుడు వేలికి తొడిగింది. ఇంకా మానని ఆ వేలికే.

"పట్టుకో పిన్నీ. జారిపోకుండా చూడు" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

గవరమ్మ ఊపిరి బిగబట్టింది. ముక్కు మీద ఈగ వాలింది, తోలలేదు. వీధిలో ఎవరో పిలిచారు, పలకలేదు. వేలు నిలబెట్టి, దాని వంకే చూస్తూ బొమ్మలా కూచుంది. పెళ్ళిలో తాళి కట్టించుకున్నప్పుడు కూడా అంత కదలకుండా కూచోలేదు.

లోపల మాణిక్యం కత్తెర పట్టుకుని గూటి దగ్గర కాసేపు నిలబడింది. "అమ్మా, కుట్టేశానే. నువ్వింక కుట్టక్కర్లేదు" అని చెప్పింది. కాస్త ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని బయటికొచ్చింది.

గవరమ్మ వేలు ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. కన్ను వేలికే ఉంది.

మాణిక్యం పిన్ని ఒళ్ళో కూచుంది. దారం కత్తిరించింది. కొస కన్నులోంచి తీసి మెల్లగా లాగింది. కన్ను మూసుకుంది. గవరమ్మ అప్పుడు ఊపిరి వదిలింది.

ఆ రాత్రే ఇద్దరూ కలిసి అంచుని పరికిణీకి కుట్టేశారు. మర్నాడు అట్లతద్ది. మామిడిచిగురు రంగు పరికిణీ, చుట్టూ తెల్ల అంచు. మాణిక్యానికి సరిగ్గా చీలమండల దాకా వచ్చింది. సూరమ్మ మామ్మ అంచు చుట్టూ వేళ్ళు నడిపి, "ఇక్కడ సుందరమ్మ, ఇక్కడ పిల్ల, ఇదిగో ఈ బిగుతుది మెట్టూరి మనిషి" అని చెప్పేసింది. అరుగుల మీద ఎవరూ మూతి తిప్పలేదు. మాణిక్యం ఉయ్యాలెక్కింది. గవరమ్మ వెనక నిలబడి ఊపింది. పైకి వెళ్ళినప్పుడల్లా పరికిణీ గొడుగులా విచ్చుకుంది, కిందికొచ్చినప్పుడల్లా పిన్ని చేతులు అక్కడే ఉన్నాయి.

అయిందే తల్లీ. రేపు మళ్ళీ జారుముడి వేద్దాం. నువ్వు కొరడా కుట్టు, వల కుట్టు, నీ ఇష్టం. నేను సర్రున విప్పుతాను, నువ్వు అరుద్దువుగాని.

ఏమే? ఊఁ ఆగిపోయిందే? పడుకుందా? నా వేలు పట్టుకునే పడుకుందే. సరే, ఉంచుకో. నేను కదల్చనులే.

సూదేమో డబ్బాకి, దారమేమో ఉండకి,
ఉయ్యాల కొమ్మకి, అట్లేమో పిల్లలకి,
కథమ్మ నడిచింది కంచి దారికి,
మనమింట్లోనే ఉన్నాం, జరుగు నా పక్కకి!